పూజలో పెట్టిన రివాల్వరు

మొన్న ఎన్నికల నోటిఫికేషను వచ్చిన మర్నాడే స్టేషను నుంచి ఫోను వచ్చింది. లైసెన్సు ఉన్నవాళ్ళం ఎన్నికలు అయ్యేదాకా ఆయుధాలు అప్పగించి రసీదు తెచ్చుకోవాలి కదా, ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు అప్పగించానో లెక్కలేదు, ఈసారీ అలాగే గుడ్డసంచిలో చుట్టుకుని వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాను. నా పక్కన ముప్ఫై ఏళ్ళ కుర్రాడొకడు, పిడుగురాళ్ల వైపు సున్నపు బట్టీలున్నాయట, కొత్తగా కొన్న రివాల్వరు అప్పగించడానికి వచ్చి, కూతుర్ని అత్తారింటికి పంపుతున్నవాడిలా ముఖం పెట్టుకుని ఉన్నాడు. నాకు నలభై ఏళ్ళుగా లైసెన్సు ఉందని తెలిసేసరికి అక్కడికక్కడే నన్ను వాళ్ళ తుపాకీల వాట్సాప్ గ్రూపులో చేర్చి, "మీ ఫస్ట్ రివాల్వర్ గురించి రాయండి సార్, మావాళ్ళు ఎంజాయ్ చేస్తారు" అన్నాడు. ఇంటికొచ్చి నాలుగు ముక్కలు రాసి పెట్టాను. చప్పట్ల బొమ్మలు చాలానే వచ్చాయి. అక్కడ రాయలేనిది ఇక్కడ రాస్తున్నాను, నా ఈడువాళ్ళు చదువుతారన్న ధైర్యంతో.

అప్పట్లో సత్తెనపల్లి దగ్గర మాకు పత్తి జిన్నింగు మిల్లు ఉండేది. నాన్న పోయాక మిల్లు నాకూ, పొలం తమ్ముడికీ వచ్చాయి. పత్తి కొనడానికి డబ్బుతో ఊళ్ళు తిరుగుతానని, ఆత్మరక్షణకని దరఖాస్తు పెట్టాను గాని, నిజం చెప్పొద్దూ, అదంతా సోకు. ఒంగోలు నుంచి వచ్చే పొగాకు వ్యాపారి ఒకాయన కుర్చీలో కూర్చునేటప్పుడు చొక్కా కాస్త పైకి లాగి, నడుం దగ్గరి తోలు ఒర నలుగురికీ కనబడేలా సర్దుకునేవాడు. అది చూసిన దగ్గర్నుంచీ నాకు మనసు మనసులో లేదు. విచారణకొచ్చిన ఎస్సై గారు నీకు శత్రువులెవరైనా ఉన్నారా అని అడిగితే, ఎవరూ లేరండీ అని నిజాయితీగా చెప్పాను. మరైతే ఇదెందుకయ్యా అని ఆయన నవ్వి, కాసేపటికి ఏదో రాసుకుని వెళ్ళాడు.

రెండేళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగాక లైసెన్సు చేతికొచ్చింది. బెజవాడలో తుపాకుల కొట్టుకు నేనూ తమ్ముడూ కలిసే వెళ్ళాం. కొట్టాయన మెత్తటి గుడ్డ మీద నల్లటి రివాల్వరు పెట్టి ముందుకు జరిపాడు. ఎత్తితే అనుకున్నదానికంటే బరువు, అనుకున్నదానికంటే చల్లదనం. తమ్ముడు మాత్రం ముట్టుకోలేదు. "నాకు ములుగర్ర చాలన్నయ్యా" అన్నాడు. వాడి లోకం వేరు. ఒంగోలు గిత్తల జతను బండలాగుడు పందేలకు తోలేవాడు, గిత్తల వెంట పరుగెత్తుతూ వాడు వేసే కేక పందెం చూడటానికి వచ్చినవాళ్ళందరికీ తెలుసు. ఆ పరుగు చూడటానికే జనం ఎడ్లబళ్ళు కట్టుకుని వచ్చేవాళ్ళంటే మీరు నమ్మాలి.

రివాల్వరు కొన్నాక తెలిసింది, ఆ పిచ్చి నా ఒక్కడితో పోలేదని. ఆదివారం ఉదయాలు ఆరేడుగురం పాడుపడిన సున్నపురాయి క్వారీలో, అనుమతి తీసుకునే, గురి చూసి కాల్చడం నేర్చుకునేవాళ్ళం. పొగాకాయన, ఒక పళ్ళ డాక్టరు, మిరప వ్యాపారులు ఇద్దరు, మాకందరికీ గురువుగా పటాలం నుంచి రిటైరై వచ్చిన సుబేదారు గారు. తూటాలు తక్కువ, కబుర్లు ఎక్కువ. ఒకరి రివాల్వరు ఒకరు చూసుకోవడం, నూనెల గురించి వాదించుకోవడం, కాఫీ ఫ్లాస్కులు, జంతికలు. ఒక్క విషయంలో మాత్రం సుబేదారు గారు యముడు. ఎవరు ఆయుధం చేతిలోకి తీసుకున్నా ముందు సిలిండరు తెరిచి, ఆరు గదుల్లోనూ వేలు పెట్టి చూసి, పక్కవాడికి చూపించి తీరాలి. ఖాళీ అని నోటితో అన్నవాణ్ణి ఆ రోజు కాల్చనిచ్చేవారు కాదు. అంత గట్టిగా నేర్పించిన మనిషి శిష్యుణ్ణి నేను.

ఆ ఏడు దసరాకు మిల్లులో ఆయుధపూజ. జిన్నింగు మరలకూ, కాటాకూ, లారీకీ పసుపు కుంకుమలు పెట్టాం. రివాల్వరు కూడా పెట్టమంది అమ్మ. ఖాళీ చేసి పీట మీద పెట్టాను. అమ్మ చూసి ఊరుకోలేదు. "ఒట్టిది పెడతావేంట్రా అమ్మవారి ముందు? కుంచం పెడితే గుప్పెడు గింజలన్నా వెయ్యమూ?" అంది. మా ఇళ్ళలో అంతే, పూజలో ఒట్టి గిన్నె పెట్టరు, ఒట్టి బుట్ట పెట్టరు, పత్తి తూచే తక్కెడలో కూడా ఇంత దూది వేస్తారు. నేను నవ్వుకుంటూ ఒక్క తూటా తీసి అందులో పెట్టాను. ఇన్నేళ్ళుగా ఆలోచిస్తే నాకు తోచేదేమిటంటే, అది నాకు తూటాగా గుర్తులేదు, అక్షింతగానే గుర్తుండిపోయింది.

మధ్యాహ్నం క్వారీ మిత్రులంతా భోజనానికి వచ్చారు. గారెలు, పులిహోర, మాటలు. సుబేదారు గారు చెయ్యి కడుక్కోవడానికి బయటికి వెళ్ళారు. పళ్ళ డాక్టరు, మీ రివాల్వరు ట్రిగ్గరు నాదానికంటే మెత్తన అంటారే, ఏదీ చూద్దాం అన్నాడు. పీట మీది రివాల్వరు తీసి, కుంకుమ తుడిచి, దేవుడి దగ్గర్నుంచి తీసిన వస్తువు కదా, తెరిచి చూడాలన్న ఊహ నాకూ రాలేదు, తెరవమని ఎవరూ అనలేదు, ఎదురుగా గోడకేసి పట్టి నొక్కాను. టిక్. చూశారా ఎంత మెత్తనో అని మళ్ళీ నొక్కాను. టిక్. మూడోసారి నొక్కేసరికి తమ్ముడు మజ్జిగ గిన్నె పట్టుకుని ఆ గోడ పక్క గుమ్మంలోంచి లోపలికి వస్తున్నాడు.

మోకాలు. గిన్నె దొర్లిపోయి మజ్జిగా నెత్తురూ కలిసి పారాయి. వాడు నేల మీద పడి, పళ్ళు బిగబట్టి, అందరి ముఖాలూ చూసి, "నేనే తుడుస్తుంటే పేలింది. అందరూ విన్నారుగా? నేనే" అన్నాడు. గుంటూరు ఆసుపత్రిలో పోలీసులకూ అదే చెప్పాడు. తనే కాల్చుకున్నాడంటే అన్న మీద కేసుండదని వాడికి తోచింది. నేను మంచం పక్కనే నిలబడి విన్నాను, కాదనలేదు. మిత్రులు అవునన్నారు. సుబేదారు గారు మాత్రం అవునూ అనలేదు, కాదూ అనలేదు. ఆ తర్వాతి ఆదివారం నుంచి ఆయన క్వారీకి రాలేదు, బజారులో ఎదురుపడినా నా నమస్కారం తీసుకోలేదు.

తమ్ముడు మళ్ళీ గిత్తల వెంట పరుగెత్తలేదు. గిత్తలను అమ్మేశాం. తుపాకీతో ఆటలాడి కాలు పాడుచేసుకున్న దుడుకువాడని ఊరంతా అన్నది, ఆ పేరు మీదే కుదిరిన సంబంధమొకటి తప్పిపోయింది. చాలా ఏళ్ళకు పెళ్ళయింది. వాడి పిల్లలు కూడా ఆ మాట నమ్మే పెరిగారు. వాడు రోజూ కుంటుకుంటూ మా ఇంటికొచ్చేవాడు, కాఫీ తాగేవాడు, మిరప ధర గురించి మాట్లాడేవాడు. ఒక్కరోజు కూడా ఆ విషయం ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. పొలం పనుల్లో సాయం చేశాను, వాడి పిల్లల చదువులు దగ్గరుండి చూశాను, అదే సరిపోతుందని నాకు నేను చెప్పుకున్నాను. ఇప్పటికీ వంటింట్లో గ్యాసు లైటరు రెండుసార్లు వెలగకపోతే మూడోసారి నొక్కవద్దని మా ఆవిడ మీద అరుస్తాను. చాదస్తం అనుకుంటుంది.

పోయినేడు తమ్ముడు గుండెపోటుతో పోయాడు. పదో రోజున వచ్చినవాళ్ళలో ఎవరో పెద్దమనిషి, మంచివాడేగాని కుర్రతనంలో కాస్త దుడుకు, అందుకే ఆ కాలు అన్నాడు. అందరూ వెళ్ళాక మరదలి దగ్గర కూర్చుని, అమ్మా, నీకొక మాట చెప్పాలి అని మొదలుపెట్టాను. ఆమె తల ఎత్తకుండా, "తెలుసు బావగారూ. పెళ్ళయిన ఏడాదికే చెప్పారు. కేసు గురించి ఆయనకు ఏ బాధా లేదండీ. అన్నయ్య ఎప్పుడో ఒకరోజు నా దగ్గరన్నా ఒక మాట అంటాడులే అనేవారు. మీ ఇంటికి బయల్దేరినప్పుడల్లా అనేవారు" అంది.

మిల్లు కూలగొట్టి ప్లాట్లు వేశారు. క్వారీ నిండా నీళ్ళు. సుబేదారు గారు పోయి చాలా కాలమైంది. ఇప్పటి కుర్రాళ్ళ చేతుల్లో మాకంటే మంచి ఆయుధాలూ, తాళాల పెట్టెలూ, శిక్షణా ఉన్నాయి, సంతోషమే. మా కాలంలో పెద్దవాడు చిన్నవాడి ముందు తప్పు ఒప్పుకుంటే పరువు తక్కువ. ఈ కాలం పిల్లలు ఎంత తప్పు చేసినా ఫోనులో సారీ అని ఒక ముక్క కొట్టి ఊరుకుంటారని మనం నవ్వుకుంటాం. ఆపాటి ముక్క కూడా నేను నా తమ్ముడికి అనలేదు. వాడు దాని కోసం రోజూ కుంటుకుంటూ మా ఇంటికి వచ్చాడు.