తల వంచని ఆకు

సెరెంబన్ దాటాక మలక్కా బస్సు ఒక్క కుదుపు కుదిపితే, పక్క సీటావిడ ఒళ్లో ఉన్న చేప అప్పడాల బుట్ట నా ఒళ్లోకి వచ్చి పడింది.

"పట్టుకోండి మేస్టారూ, ఇరిగిపోతాయి!"

నేను మేస్టర్ని కాను, మలక్కాలో యాత్రికులకి ఊరు చూపించేవాణ్ణి. గొడుగు, కళ్లజోడు, సంచిలో రెండు లావుపాటి పుస్తకాలు చూసి అలా అనుకుంది. నేనూ కాదనలేదు. ఎవరేమనుకున్నా కాదనకపోవడం వల్లనే నాకింత మర్యాద మిగిలింది.

ఆవిడ పేరు మెక్ యామ్. డెబ్బై ఏళ్లు. తెరెంగానూ తీరంలో మరాంగ్ నుంచి నిన్న బయల్దేరింది. నలభై ఏళ్లుగా మలయ్ దేశంలో తిరుగుతున్నానా, అయినా ఆ తీరపు యాస చెవిన పడితే నాకు మా శ్రీకాకుళం చేపల రేవే వినిపిస్తుంది. అందుకే ఆవిడ మాటలు ఆ యాసలోనే రాస్తున్నాను.

"మలక్కా ఎందుకక్కా?"

"గాలి తిండానికి."

ఇక్కడివాళ్లు షికారును అలాగే అంటారు. ఆ లెక్కన నేను పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ కడుపు నిండా గాలే తిన్నాను. ఒళ్లు చేసినట్టు మాత్రం లేదు.

ఆవిడకి పదహారో ఏట పెళ్లి, ఏడుగురు పిల్లలు, రోజూ చేపపిండి పిసకడం, అప్పడాలు ఎండబెట్టడం. మరాంగ్ దాటింది రెండేసార్లు, రెండుసార్లూ ఆసుపత్రికే. మొగుడు దెరమాన్ పడవల వడ్రంగి. పోయి ఆరు నెలలైంది.

"పందొమ్మిదో ఏట మలక్కాలో ఓ పెద్దోళ్లింటికి గుమ్మం మీద పలక సెక్కేనని ఊరంతా సెప్పుకునీవోడు. ఎవులూ నమ్మనేదు. 'మలక్కా దెరమానొచ్చేడ్రా, ఇంక కోతలే కోతలు' అని నవ్వీవోళ్లు."

"మీరు నమ్మేవారా?"

"అందరికన్నా గట్టిగా నవ్విందాన్ని నానే." కిటికీ బయట ఆయిల్ పామ్ తోటల కేసి చూసింది. "అది నిజమో, అబద్దమో సూసుకుని పోదారని వొచ్చేను."

"ఏ ఇల్లో తెలుసా?"

"ఎనకాల నది. ఎక్కడానికి తొమ్మిది మెట్లు."

"ఓ, అదా!" అన్నాను. నాకు తెలియదు. మలక్కాలో దారి అడిగితే ఎవరూ తెలియదనరు. "ఇంకాస్త ముందుకి" అంటారు. ఈ ఊరి విద్యల్లో నాకు పూర్తిగా పట్టుబడింది అదొక్కటే.

నేనే చూపిస్తానని బస్సు దిగి ఆవిడతో నడిచాను. మొదటి ఇంటికి అయిదు మెట్లు. రెండోదానికి పదకొండు, పైగా అది హోటలైపోయింది.

"ఇంకాస్త ముందుకి" అన్నాను.

"తెల్దని సెప్తే నోరు పడిపోద్దేటి మేస్టారూ?"

మూడోది నదివార పాత గ్రామాధికారి ఇల్లు. యాత్రికుల్ని వెంటేసుకుని పాతికేళ్లుగా ఎక్కుతున్న ఇల్లే. ఆవిడ ఒక్కో మెట్టూ లెక్కపెడుతూ ఎక్కి, "తొమ్మిది" అని ఆగినప్పుడే దానికి తొమ్మిది మెట్లున్న సంగతి నాకు తెలిసింది. నా చూపెప్పుడూ గుమ్మం మీది పలక మీదే కదా.

మలయ్ చెక్కడంలో ఒక మర్యాద ఉంది. తీగ ఎంత దూరం సాగినా ఆకు కొన మనిషి మీదికి పొడుచుకు రాకూడదు. తల వంచి వెనక్కి తిరగాలి. ఈ పలకలో ఒక్క ఆకు మాత్రం నిటారుగా, గుమ్మం దాటేవాడి నుదుటి కేసే చూస్తుంది. నేను గొడుగెత్తి చూపించి అలవాటైన ఉపన్యాసం అందుకున్నాను.

"రెండొందల ఏళ్ల నాటిదక్కా ఇది. పరాయి దొరలకి తల వంచనన్న శిల్పి ధిక్కారం ఈ ఆకు!"

ఇదివరకు ఈ మాట విని ఒక యాత్రికుడు కళ్లు తుడుచుకుని పుస్తకంలో రాసుకున్నాడు కూడా.

మెక్ యామ్ చాలాసేపు పైకి చూసింది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది.

"దిక్కారమా! ఆ దినం మా ఇంటోడికి నిద్దరొచ్చింది మేస్టారూ. ఒక ఆకుకి తల వంచడం మరిసిపోనాడు. గురువు సుత్తి కర్రతో ఏలి మీద కొట్టినాడంట. ఆ ఏలు సచ్చీదాకా వొంకరే. పడవ గొలుసులో పడి నలిగిందిలే, మాకు తెల్దా అని నానే ఎక్కిరించీదాన్ని." నవ్వు ఆగిపోయింది. "ఆకరి తానం సేయించినప్పుడు కూడా, ఆ ఏలు కడుగుతా, అదే అనుకున్నాను."

గుమ్మం కిందికి వెళ్లి నిలబడింది. ఆకు కొన సూటిగా ఆవిడ నుదుటి కేసే ఉంది. తల వంచింది.

అప్పుడైనా నేను నోరు మూసుకోవలసింది. పరువు కాపాడుకుందామని పలక కేసి తిరిగి, "అయినా అక్కా, నిద్రమత్తులో చేసిన పనిలో కూడా ఆ కాలపు లోపలి ధిక్కారం..." అని మొదలెట్టాను. ఉపన్యాసంలో చాలా దూరం వెళ్లాను. తిరిగి చూస్తే మనిషి లేదు. బుట్ట లేదు. మెట్ల కింద చెప్పులు లేవు.

నదిగట్టు మీద బస్టాండు వైపు నడిచిపోతోంది. ఫోను చెవికి ఆనించి, మరాంగ్‌లో ఎవరికో నేరుగా వినిపించాలన్నంత గట్టిగా అరుస్తోంది.

"ఆడు కోతలు కొయ్యనేదర్రా! సెక్కినాడు! ఇన్నారా, నిజంగానే సెక్కినాడు!"