పిన్ని లేచిన చోట

మా బాబాయ్ జీవితమంతా గోడల వైపు మొహం పెట్టుకునే గడిచింది. ఇళ్లకు రంగులు వేసే మేస్త్రీ ఆయన. మీసాలు రాకముందే పాత సున్నం గీకడంతో మొదలుపెట్టి, తలుపుల పాలిష్ దాకా అన్నీ నేర్చుకున్నాడు. ఎవరింటికి భోజనానికి వెళ్లినా ముందు కంచం వైపు కాదు, పైకప్పు మూలల వైపు చూస్తాడు. మోకాళ్లు అరిగిపోయాయి, ఇక నిచ్చెన ఎక్కొద్దని డాక్టరు చెప్పిన రోజు బ్రష్షులన్నీ కడిగి ఆరబెట్టి, గుడ్డలో చుట్టి, పిన్ని చేత అటక మీద పెట్టించాడు. ఆ తర్వాత చాన్నాళ్లు కిటికీ దగ్గర కూర్చుని ఎదురింటి గోడకేసి చూస్తూ ఉండేవాడు.

నేను పెయింట్ల షాపులో బిల్లింగ్ కౌంటర్లో పనిచేస్తాను. ఈ మధ్య మా ఓనరుకి బ్లాగు పెట్టాలని బుద్ధి పుట్టింది. జనం ఫోన్లో చదవాలి, చదివి షాపుకి రావాలి. రాసేవాళ్లెవరు? నేను బాబాయ్ పేరు చెప్పాను. ఆయన చెప్తాడు, నేను టైపు చేస్తాను. సంగతి చెప్పగానే బాబాయ్ జీతం ఎంతని కూడా అడగలేదు.

"మళ్లీ రంగు డబ్బాల మధ్య కూర్చోవచ్చు కదా?" అన్నాడు. అంతే.

అక్కడే వచ్చింది చిక్కు. బాబాయ్ గోడకు రంగు వేసినట్టే పోస్టులు రాయించాడు. గోడకైతే ముందు గీకాలి, దుమ్ము దులపాలి, గుంటలు పూడ్చే లప్పం పెట్టాలి, గరుకు కాగితంతో రుద్దాలి, ప్రైమర్ వేసి ఆరనివ్వాలి. అప్పుడుగానీ రంగు ముట్టుకోకూడదు. పోస్టులోనూ అదే వరస. ఇల్లంటే ఏమిటి, ఇంటికి గోడలెందుకు, మనిషి మనసు మీద రంగుల ప్రభావం ఏమిటి... ఇలా ఊదరగొట్టి అసలు ముక్కకి వచ్చేసరికి చదివేవాడు ఎప్పుడో జారుకునేవాడు.

"బాబాయ్, అసలు విషయానికి ఎప్పుడొస్తావ్?" అని అడిగాను.

"లప్పం పెట్టకుండా రంగేస్తే పెచ్చులూడిపోతుందమ్మా."

"ఇది గోడ కాదు బాబాయ్."

"మనిషి మాత్రం? ముందు సిద్ధం చేసుకోవద్దూ?"

ఆయనతో వాదించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చేది.

ఓనరు ఒకరోజు ఫోన్లో బ్లాగు చదివేవాళ్ల గ్రాఫు తెరిచి నా మొహం ముందు పెట్టాడు. "చూడు, వచ్చినవాళ్లు వచ్చినట్టే పోతున్నారు. షాపు అడ్రసు చివర్లో ఉంది, అక్కడిదాకా ఒక్కడూ రావట్లేదు. నెలాఖరుదాకా చూస్తాను. తర్వాత బ్లాగు మూసేస్తాను, మీ బాబాయ్‌ని ఇంటికి తీసుకుపో."

ఇంటికి అంటే ఆ కిటికీ దగ్గరికి.

నాకు అర్థం కానిదేమిటంటే, షాపులో బాబాయ్ మాట్లాడితే ఎవరూ కదలరు. వంటింటి గోడకు నూనె జిడ్డు పట్టిందని ఒకావిడ వస్తే, స్కూటర్ తాళం చేతిలో పట్టుకునే చివరిదాకా నిలబడి విన్నది. అక్కడ లప్పం లేదు, ప్రైమర్ లేదు, నేరుగా ఆవిడ గోడ మీదికే వెళ్లిపోయాడు. ఎదురుగా మనిషి ఉండడమే తేడా అనిపించింది నాకు. ఆ సాయంత్రమే వాళ్లింటికి వెళ్లి, బాబాయ్ ఎదురుగా పిన్నిని కూర్చోబెట్టాను.

మా పిన్నికి మొహమాటమనేది తెలియదు. సోది మొదలైతే సొంత అక్క చెప్తున్నా లేచిపోతుంది. అదే మాకు కావాలి. పిన్ని ఏ వాక్యం దగ్గర లేస్తే ఆ వాక్యం కొట్టేయాలి, ఇదీ ఒప్పందం.

"ఇల్లు అనేది మానవుడి కలలకు ప్రతిరూపం," అని మొదలుపెట్టాడు బాబాయ్.

"స్టవ్ మీద కూర పెట్టొచ్చాను," అని లేచింది పిన్ని. స్టవ్ మీద ఏ కూరా లేదు.

బాబాయ్ మొహం గంటు పెట్టుకున్నాడు. "కట్టుకున్నవాడి మాట కూడా వినలేవా?"

"నీ మాటైతే వింటాను. ఇదెవరో మైకు పట్టుకుని మాట్లాడుతున్నట్టుంది."

అలా రోజూ సాగింది. బాబాయ్ అలిగేవాడు, పిన్ని లేచేది, నేను కొట్టేసేదాన్ని. మెల్లగా ఆయన మాట్లాడుతూనే పిన్ని కాళ్లవైపు చూడడం నేర్చుకున్నాడు. ఆమె చెప్పుల్లో కాలు దూర్చబోతే చాలు, వాక్యాన్ని మధ్యలోనే వదిలేసి ఇంకోవైపు నుంచి వచ్చేవాడు. గ్రాఫు కాస్త లేచింది కానీ ఓనరు మొహంలో మార్పు లేదు. నెలాఖరు దగ్గరపడింది.

అప్పుడు బ్లాగు కింద ఒక తల్లి ప్రశ్న రాసింది. పాప మంచం పక్క గోడ మీద మరక, రంగు వేయించిన ప్రతిసారీ మళ్లీ తేలుతోంది, ఏ రంగు వేస్తే పోతుంది అని.

నేను చదివి వినిపించాను. బాబాయ్ ఈసారి గొంతు సవరించుకోలేదు.

"అమ్మా, ఆ మరక మీద మళ్లీ రంగు వేయకండి. ముందు పాప మంచం ఇవతలికి జరపండి. ఒక ప్లాస్టిక్ కవరు ముక్క తీసుకుని, ఆ మరక మీద పెట్టి, నాలుగు వైపులా గాలి పోకుండా టేపు అంటించండి. ఒకటి రెండు రోజులు దాని జోలికి పోకండి. తర్వాత తీసి, తడి ఏ వైపు ఉందో చూడండి."

బట్టలు మడతపెడుతున్న పిన్ని చొక్కా చేతిలో పట్టుకుని ఆగిపోయింది. "ఏ వైపుంటే ఏంటి?"

"గది వైపు ఉంటే అది గదిలో గాలి చెమ్మ, కిటికీలు తెరిస్తే చాలావరకు తగ్గుతుంది. గోడ వైపు ఉంటే లోపలినుంచి నీళ్లొస్తున్నట్టు. అదే అయితే ఇప్పుడు రంగు కొనకండి. మా షాపుకి రాకండి. ప్లంబర్‌ని పిలిచి పైపు చూపించండి. గోడ పూర్తిగా ఆరాక మాట్లాడుకుందాం."

నా వేళ్లు ఆగిపోయాయి. "షాపుకి రాకండి అంటావేంటి బాబాయ్? ఉన్న పని కాస్తా ఊడుతుంది!"

"ఊడితే ఊడనీ. చంటిపిల్ల పడుకునే గది అది. రంగు పూసి కప్పెట్టమని చెప్పనా?"

నేను పిన్నివైపు చూశాను. ఆమె కదల్లేదు. "పెట్టు," అంది.

పెట్టాను. ఆ రాత్రి భయంతో సరిగా నిద్రపట్టలేదు.

పొద్దున్నే ఓనరు ఒంటికాలి మీద లేచాడు. కౌంటర్ ముందు అందరూ వింటుండగా ఫోను ఊపుతూ అరిచాడు. "నేను జీతమిచ్చి 'మా షాపుకి రాకండి' అని రాయించుకోవాలా మేస్త్రీ? మతి ఉండే రాశావా?"

బాబాయ్ డబ్బాల మధ్య నుంచి మోకాలు పట్టుకుని నెమ్మదిగా లేచాడు. "ఆ మాట చివర్లో కదండీ ఉంది?"

"అవును, చివర్లోనే ఉంది!"

"మీరు అక్కడిదాకా చదివారా?"

ఓనరు ఊపుతున్న చేయి దించాడు. ఫోనువైపు ఒకసారి, బాబాయ్‌వైపు ఒకసారి చూశాడు. తర్వాత స్టూలు లాక్కుని కూర్చుని, గొంతు బాగా తగ్గించి అడిగాడు.

"మా పడగ్గదిలో కవరు అంటించొచ్చాను. తడి గోడ వైపు ఉంటే, పైపు బాగుచేయించాక ఎన్నాళ్లు ఆరాలి?"

నాకు ఏడుపొచ్చింది. బిల్లు కోసం నిలబడ్డ మనిషిని కాసేపు ఆగమన్నాను.

"ముందు ఆ గోడ అవతల ఏముందో చెప్పండి," అంటున్నాడు బాబాయ్.