కోసినా నిలిచే సంఖ్య, నిలవని బడి

ఆ పోస్టును ఖాళీగా ఉంచింది మీరే. అవును, ఈ బస్తీవాళ్లందరూ, మిమ్మల్నే అంటున్నాను. కిషన్‌బాగ్‌లో మా సర్కారు బడి లెక్కల సార్ సోమవారం పొద్దున గుండె ఆగి పోయారు. రిటైరయ్యాక కూడా మూడేళ్లు రోజూ వచ్చి పదో తరగతికి పాఠం చెప్పారు. "సార్ ఉన్నారుగా" అని మీరు నిశ్చింతగా ఉన్నారు. పైవాళ్లు కొత్త టీచర్‌ను వెయ్యలేదు. నేను తక్కువ తిన్నానా? ఆయన సేవను పొగుడుతూ వ్యాసం రాసింది నేనే.

ఆయన మా పక్కింటివారు. కార్వాన్‌లో పాలు పోసే ఇంట పుట్టారు. ఎన్నిసార్లు ఉతికినా ఆయన చొక్కా జేబుల్లో సుద్దపొడి ఉండేది.

ఒకరోజు ఆయన క్లాసులో వెనక బెంచీ మీద కూర్చున్నాను. బోర్డు మీద 73939133 అని రాశారు. అది ప్రధాన సంఖ్య. ఒకటితో, తనతో తప్ప దేనితో భాగించినా శేషం మిగులుతుంది. కుడివైపు చివరి అంకె చెరిపారు. 7393913. అదీ ప్రధానమే. ఇంకోటి చెరిపారు. అదీ అంతే. చెరుపుతూ పోతే 739, 73, చివరికి 7. ఒక్కటీ లొంగలేదు. ఈ గుణమున్న సంఖ్యల్లో ఇదే అతి పెద్దది. కుడివైపు ఏ అంకె చేర్చినా ఇక ప్రధానం కాదు.

"నేను చెప్పిన్నని నమ్మకుర్రి, చేసి చూడుర్రి" అంటూ ఎనిమిది వేల ఆరు వందల లోపు ప్రధాన సంఖ్యలను పిల్లలకు పంచారు. బోర్డు మీది ఆ పెద్ద సంఖ్య వర్గమూలం ఆ లోపే ఉంది కాబట్టి అంతవరకు చూస్తే చాలు.

"సార్, పదిహేడుతోని పోయింది!" ఒక అమ్మాయి అరిచింది. క్లాసంతా లొల్లి.

"అరె వా! బోర్డు మీద చెయ్ బిడ్డా."

చేసింది. శేషం పదమూడు. తల దించుకుంది.

"తలెందుకు దించుతవ్? తప్పు జేసినవ్, నువ్వే పట్టుకున్నవ్. ఊకె కూసున్నోళ్లకన్న నువ్వు మస్తు నయం."

ఆ సాయంత్రమే కరపత్రం రాశాను: 'మన బడీ ఆ సంఖ్యలాంటిదే, ఎంత కోసినా నిలబడుతుంది!' చదివి సార్ మండిపడ్డారు.

"ఏంది భాయ్ గిది? అంకె తీసేస్తే సంఖ్యకేం ఫికర్? బడిల ఒక్క సార్‌ను తీస్తే పిల్లలు ఫెయిలైతరు. నిలబడ్డం నిలబడ్డం అని మనమే డప్పు గొడితే వాళ్లు ఇంకోటి కోస్తరు!"

"మరి మీరెందుకు వోతున్రు సార్, రోజూ?"

"పిల్లలకు పరీక్షలున్నయ్ గదా."

కరపత్రం చింపేశాను.

సంతాప సభలో ఒకాయన, ఆయన స్ఫూర్తే బడిని నడిపిస్తుందన్నాడు. స్ఫూర్తి భాగహారం నేర్పదు. అదే సమయంలో పక్క గదిలో పదో తరగతి పిల్లలు పుస్తకాలు తెరుచుకుని, ఖాళీ బోర్డు చూస్తూ కూర్చున్నారు.

దండలు చాలు. పైవాళ్ల నుంచి మనకు ఇవి కావాలి:

లెక్కల పోస్టు ఈ నెలలోనే భర్తీ చేయాలి.

రిటైరైన వాళ్ల మంచితనంతో ఖాళీలు పూడ్చడం మానాలి.

భర్తీ అయ్యేదాకా, జీతమిచ్చి ఒక టీచర్‌ను పంపాలి. రేపే. పదో తరగతి లెక్కలు మూడో పీరియడ్, పదకొండున్నరకు.