నల్లరాయి అవతలి నీళ్ళు

వరదప్పకు అనుమానం అన్నం లాంటిది, అది లేకపోతే పూట గడవదు. గుడియాత్తం చుట్టుపక్కల ముప్పై ఏళ్ళుగా బావులు తవ్విన మనిషి. బావిలోకి దిగే ముందు ముడి తానే వేసుకుంటాడు. మూడుసార్లు గుంజి చూస్తాడు. ఆ తర్వాత పైన తాడు పట్టుకునేవాడి ముఖం చూస్తాడు, ఆ ముఖం నచ్చకపోతే ఆ రోజు పని లేనట్టే. అతని ఈడు వాళ్ళు నలుగురు బావుల్లో పోయారు, అతను మాత్రం యాభై దాటాడు. అనుమానం మేలు చేసింది, కాదనలేం. కానీ బావిలోంచి పైకి వచ్చాక కూడా అది వదలదు, అదీ చిక్కు. టీ కొట్టువాడు తన గ్లాసులోనే చక్కెర తగ్గిస్తాడంటాడు. రేడియోలో వాన పడుతుందని చెబితే, చెప్పడంలో వాళ్ళకేం లాభమని అడుగుతాడు.

అలాంటివాడి కూతురు సుజిత వేలూరు కాలేజీలో రాళ్ళ చదువులో చేరింది, 1997లో రెండో ఏడు నడుస్తోంది. రాళ్ళకు చదువేమిటని వరదప్పకు మొదటి అనుమానం. ఒకరోజు చెప్పకుండా బస్సెక్కి, కే.వి.కుప్పం, లత్తేరి దాటి వేలూరు వెళ్ళి, కాలేజీ గేటు ఎదురుగా గంటసేపు నిలబడ్డాడు. పదిమంది పిల్లలు సుత్తులు పట్టుకుని బయటికి వచ్చారు, అందులో తన కూతురూ ఉంది. సుత్తి కాడను మరీ మధ్యలో పట్టుకుంది. ఇంటికి వచ్చి ఆ ఒక్క ముక్క దిద్దాడు కానీ, వెళ్ళిన సంగతి చెప్పలేదు. ఆమెకు ఎలాగూ తెలిసిపోయింది.

ఆ ఏడు వాళ్ళకు పర్యావరణం అని ఒక పాఠం పెట్టారు. చెప్పే అయ్యవారు గోవిందస్వామి. చెట్లు, పొగ, చెత్త గురించి అందరూ చెబుతారు, మనం మాత్రం నేల కింది నుంచి మొదలుపెడదాం అన్నాడట ఆయన. మురికి ఎక్కడ పోశారన్నది సగం సంగతేననీ, అది ఎక్కడ తేలుతుందో చెప్పేది కింద ఉన్న రాయేననీ ఆయన మాట. సుజిత ఇంట్లో అది చెబుతూ, మన వైపు తెల్లరాయిలో పగుళ్ళుంటాయి, నీళ్ళు వాటి వెంట నడుస్తాయి, మధ్యలో నల్లరాయి గోడలా అడ్డం వస్తే అక్కడ ఆగిపోతాయి అంది. వరదప్ప నవ్వాడు. ఇది చెప్పడానికి కాలేజీ దేనికి, నన్నడిగితే పైసా లేకుండా చెప్పేవాణ్ణి కదా అన్నాడు. నల్లరాయి సంగతి అతనికి ఇంకొకటి కూడా తెలుసు. అది మాత్రం చెప్పలేదు.

అయ్యవారు ఒక్కొక్కరికీ ఒక పని పెట్టాడు. ఎవరి ఊరి బావుల నీళ్ళు వాళ్ళు సీసాల్లో పట్టాలి, ఉప్పు చూడాలి, రాయి ఎక్కడ ఎలా ఉందో పటం గీయాలి. సుజిత చేనేతవాళ్ళ వీధిలో సీసాలతో తిరగడం మొదలుపెట్టగానే వీధికి వీధే గుసగుసలాడింది. బావులకు పన్ను వేస్తారని కొందరు, నీళ్ళను సీసాలకెత్తి అమ్మే కంపెనీవాళ్ళు పంపారని కొందరు. కొత్తగా ఏదొచ్చినా ఏదో కంపెనీ వస్తోందని అనుకునే రోజులవి. పిల్లకు ఎదురుపడి మాత్రం ఎవరూ అనలేదు, ఎంతైనా బావులు తవ్విన వరదప్ప కూతురు.

ఆమె ఒక్కో సీసాలో మందు చుక్కలు వేసేది. ఉప్పుంటే నీళ్ళు విరిగిన పాలలా తెల్లబడేవి. వీధికి తూర్పున నల్లరాయి. దానికి అవతల పచ్చితోళ్ళకు ఉప్పు చల్లి నిలవ ఉంచే గోదాము ఒకటి, నాలుగేళ్ళ కిందట విదేశాలకు తోలు గిరాకీ పెరిగినప్పుడు కట్టారు. అటువైపు నీళ్ళన్నీ తెల్లబడ్డాయి, అందులో వింత లేదు. రాయికి ఇవతల వీధివైపు పది బావులుంటే తొమ్మిదింటి నీళ్ళు తేటగా ఉన్నాయి. పదోది కృష్ణప్ప బావి, వీధంతా తాగేది. దాని నీళ్ళు పాలై కూర్చున్నాయి.

ఆ నీళ్ళు చెడి రెండేళ్ళయింది. గోదామువాళ్ళ మీదికి వీధి జనం కొట్లాటకు పోతే, మధ్యలో నల్లరాయి ఉండగా మా ఉప్పు మీకెలా వస్తుందని వాళ్ళు ఎదురడిగారు. తెలిసినవాడని వరదప్పనే పిలిచి నిలబెట్టారు. నల్లరాయి దాటి చుక్క రాదని అతను తల వంచుకుని చెప్పాడు. చెప్పి, ఆ పూట అన్నం సగంలోనే వదిలేశాడు. ఏమైందని భార్య పొన్నమ్మ అడిగితే చేయి కడుక్కుని బయటికి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు గోవిందస్వామీ సరిగ్గా అదే అన్నాడు, నల్లరాయి దాటి చుక్క రాదని. పటం చూసి, పదో బావి లెక్క అబద్ధమన్నాడు. సీసాలన్నా తారుమారయ్యాయి, లేదా ఈ పిల్ల ఇంట్లో కూర్చుని అంకెలు రాసింది అని ఆయన అనుమానం. ఆదివారం తానే వచ్చి చూస్తాననీ, రాయిలో పగులు లేకుండా నీళ్ళు ఉప్పగా ఎందుకున్నాయో చూపించలేకపోతే రికార్డు మీద సంతకం పెట్టననీ చెప్పాడు. సంతకం లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి అబద్ధాలకోరని పేరు తెచ్చుకుని ఇంటికి రావాలి.

సుజిత ఏడవలేదు. శనివారం పొద్దున తండ్రి పార కడుక్కుంటుంటే పక్కన కూర్చుంది.

"నాయనా, కృష్ణప్ప బావి తవ్వింది నువ్వే. ఆ వీధికి పోతే నువ్వు ఆ నీళ్ళు తాగవు. చెడకముందు కూడా తాగలా. చెంబు ఇస్తే చెట్టుకి పోస్తావు. చిన్నప్పట్నుంచి చూస్తా ఉండా. యాల?"

ఊరందరినీ అనుమానించిన మనిషి, ఇంట్లో ఒకరు తనను ఇన్నేళ్ళుగా చూస్తున్నారని అనుమానించలేదు. పార కడగడం అయిపోయినా కడుగుతూనే ఉన్నాడు. ఆమె ఇంకేమీ అడగలేదు. అడిగి ఉంటే కసురుకుని తప్పించుకునేవాడు.

బావి తవ్వేవాళ్ళలో ఒక వాడుక ఉంది. నీళ్ళు పడ్డాక మొదటి గుక్క తవ్వినవాడే నలుగురి ఎదుట తాగాలి. ఈ నీళ్ళకు నేను పూచీ అని దాని అర్థం. 1988లో కరువొచ్చి కృష్ణప్ప బావి ఎండితే వరదప్ప ఇంకా లోతుకు తవ్వాడు, నల్లరాయి తగిలింది, తడి లేదు. రాయికి అవతల పాపన్ అనే రైతు పొలంలో బావి నిండుగా ఉంది. కృష్ణప్ప వీధి పెద్ద, తాగడానికి లేదని కాళ్ళావేళ్ళా పడ్డాడు. గంగమ్మ శిరసు పండగ రోజు ఊరంతా ఏటి ఒడ్డున ఉన్నప్పుడు, టపాకాయల మోతలో, అణైకట్టు నుంచి రాయి తొలిచే కంప్రెసర్ బండి తెప్పించి, బావి అడుగున పక్కకు నల్లరాయిలోంచి తూటు పొడిచాడు వరదప్ప. నీళ్ళు చిమ్ముకుంటూ వచ్చాయి. వీధంతా అతన్ని మెచ్చుకుంది. చెంబు చేతికిస్తే, పళ్ళు నొప్పి అని తాగకుండా పక్కన పెట్టాడు. అవి పాపన్ నీళ్ళు.

కృష్ణప్ప పోయి మూడేళ్ళయింది. ఇక ఊళ్ళో తెలిసినవాడు వరదప్ప ఒక్కడే.

ఆదివారం గోవిందస్వామి వచ్చాడు, చేతిలో గొడుగు, కళ్ళలో నమ్మకం లేదు. జనం మూగారు. గోదాము వైపు నుంచి పాపన్ కూడా వచ్చి నిలబడ్డాడు. బావి ఎండాక పొలం అమ్ముకున్నాడు, ఆ పొలంలోనే ఇప్పుడు గోదాము, అందులోనే తోళ్ళకు ఉప్పు చల్లే కూలి. అతని అరచేతులు పగిలి ఎర్రగా ఉన్నాయి. వరదప్ప తేలు కుట్టిన దొంగలా జనం వెనక నిలబడి, ఎవరు తన వైపు ఎలా చూస్తున్నారో వెతుక్కున్నాడు. ఎవరూ చూడటం లేదు. అందరూ సుజితనే చూస్తున్నారు. అయ్యవారు పటం మీద వేలు పెట్టి అడిగిందే అడుగుతున్నాడు. ఆ పిల్ల తండ్రి పేరెత్తకుండా, నీళ్ళు మాత్రం నిజం సార్, ఎందుకో నాకు తెలియదు అంటోంది. అది ఒక్కటే ఆమె చెప్పిన అబద్ధం.

వరదప్పకు ఇక నిలబడటం చేతకాలేదు.

"తూటు ఉండాది సార్," అన్నాడు ముందుకొచ్చి. "అడుగున, తూర్పు పక్క. నల్లరాయిలో నేనే పొడిచినా. పిల్ల రాసింది నిజం."

గోవిందస్వామి గొడుగు మూసి, ఆ పటాన్ని మళ్ళీ మొదటి నుంచి చూశాడు. జనం ముక్కున వేలేసుకున్నారు. పాపన్ మాత్రం నెమ్మదిగా దగ్గరికి వచ్చి, ఏ ఏడని అడిగాడు. వరదప్ప చెప్పాడు, పండగ రోజుతో సహా.

"ఆ ఎండాకాలమే కదప్పా నా బావి ఇంకినింది," అన్నాడు పాపన్. "నిన్నే పిల్చినా. నువ్వే దిగి చూసినావు. నీళ్ళు యాడికి పోయినాయో తెలీదు అంటివి."

అది అబద్ధమని వరదప్పకు ఆ రోజే తెలుసు, ఆ అబద్ధంతోనే పాపన్ పొలం పోయిందనీ, ఆ పొలంలో గోదాము లేచిందనీ, దాని ఉప్పు తన తూటులోంచే వీధికి వచ్చిందనీ తెలుసు. తొమ్మిదేళ్ళుగా అందరి కళ్ళలో వెతికింది ఈ ఒక్క నిందనేనని అతనికి అప్పుడే అర్థమైంది.

సంతకం అయింది. పటంలో నల్లరాయి గీత మీద సుజిత చిన్న సున్నా చుట్టి, పక్కన పొడిచినవాడి పేరు రాయాలా నాయనా అని అడిగింది. రాయమన్నాడు. తూటు మూస్తే, బావి తోడి పోస్తే, రెండు వానాకాలాలకు నీళ్ళు తేరుకోవచ్చని అయ్యవారు చెప్పాడు. వచ్చే బుధవారం సిమెంటుతో తానే మూస్తానన్నాడు వరదప్ప.

బుధవారం తాడు పట్టడానికి ఎవరూ రాలేదు. వీధిలో తలుపులు మూసుకున్నారు. మోటారు పెట్టి నీళ్ళు తోడేసి, ఒక్కడే గట్టు మీద కూర్చుని ఉండగా పాపన్ వచ్చాడు. తాడు కొస అందుకుని, నడుముకు ఒక చుట్టు తిప్పుకుని, కాళ్ళు రాతికి తన్నిపెట్టి నిలబడ్డాడు. అతని మనసులో ఏముందో ముఖంలో లేదు. వరదప్ప ముడి వేసుకున్నాడు. చెయ్యి అలవాటుగా గుంజబోయి ఆగిపోయింది.

"ముడి గుంజి చూసుకోప్పా," అన్నాడు పాపన్.

"వద్దులే," అని వరదప్ప బావిలోకి దిగాడు.