అద్దాలక్క టికెట్టు కొన్న రోజు

కొండమీదికి వెళ్లే రైలుకు చివర ఒక అద్దాల పెట్టె ఉంటుంది. దాని పైకప్పు కూడా అద్దమే. ఆకాశం చూడటానికి సైతం టికెట్టు పెట్టవచ్చని కనిపెట్టిన మేధావి ఎవరో గానీ, ఆ అద్దాలను రోజూ ఎవరో ఒకరు తుడవాలన్న సంగతి ఆయనకు తట్టి ఉండదు. ఆ చిన్న విషయాన్ని అద్దాలక్కకు వదిలేశారు.

పన్నెండేళ్లుగా ఆమె పని అదే. తెల్లవారగానే షెడ్డులో నిచ్చెన వేసుకుని, బకెట్టు, స్పాంజి, రబ్బరు బద్దతో మొదలుపెట్టేది. పైనుంచి కిందికి ఒక్క లాగు. బద్ద అంచు గుడ్డతో తుడుచుకుని మళ్లీ ఒక్క లాగు. ఆమె నిచ్చెన దిగగానే రైలు కొండెక్కేది, సాయంత్రానికి మురికి మోసుకుని దిగేది. ప్రయాణం ఎలా ఉంటుందో ఆమెకు ఆ మురికిని బట్టే తెలుసు. ఎడమవైపు అద్దాల నిండా ముక్కుల ముద్రలు, కాబట్టి లోయ అటే ఉండాలి. కుడివైపు నూనె తలల మరకలు. అటు కూర్చున్నవాళ్లు పెట్టిన డబ్బుకు సరిపడా నిద్రపోయారన్నమాట.

కాంట్రాక్టు మనిషి కనుక ఆమెకు పాసు లేదు. "నీకు పాసెందుకమ్మా, రోజూ ఎక్కి దిగుతూనే ఉన్నావుగా!" అని సూపర్‌వైజరు జోకు వేసేవాడు. పన్నెండేళ్లుగా అదే జోకు. దానికి నవ్వడం కూడా ఆమె డ్యూటీలో భాగమే.

ఈసారి సెలవు పెట్టి రెండు టికెట్లు కొంది. చేతిలో గుడ్డ లేకుండా, ఒక్కరోజు, అందరిలా ఆ పెట్టెలో కూర్చోవాలి. అంతే ఆమె కోరిక. భర్తను రమ్మంటే, కుట్టుమిషను తొక్కడం ఆపకుండానే, "కొండ ఎక్కడికి పోతుంది, వచ్చే ఏడు చూద్దాంలే" అన్నాడు. ఇన్నేళ్లలో కొండా ఎక్కడికీ పోలేదు, ఆయనా ఎక్కడికీ పోలేదు. దాంతో అన్న భార్యను వెంటబెట్టుకుని వచ్చింది.

రైలు కదిలింది. ఆ రోజు ఆమె బదులు వచ్చినవాళ్లెవరో అద్దాలను ఊరికే పలకరించి వదిలేశారు.

"గోటితో ఏం గీకుతున్నావే?" వదిన కసిరింది.

"మరక వదినా."

"ఉండనీ. దానిక్కూడా కలిపే టికెట్టు కొన్నాం."

పైకి పోయేకొద్దీ బయట చలి ముదిరింది. లోపల అరవైమంది ఊపిరికి అద్దాలన్నీ మసకబారాయి. "ఇంత డబ్బు పోసింది ఆవిరి చూడ్డానికా?" అని కెమెరా ఆయన ఒకడు లేచాడు. రైలు వెంట వచ్చిన సూపర్‌వైజరు పరుగున వచ్చాడు. అటూ ఇటూ చూసిన ఆయన కళ్లు అద్దాలక్క మీద పడ్డాయి. మొహం వెలిగిపోయింది.

"అద్దాలక్కా! దేవుడిలా దొరికావు. ఒక చెయ్యి వెయ్యమ్మా, పది నిమిషాల్లో మంచుశిఖరం వచ్చేస్తుంది!"

గుడ్డ ఆమె ఒళ్లో పడింది. అప్పటిదాకా "అండీ, అండీ" అంటూ కబుర్లు చెప్పిన ఎదుటి సీటు ఆవిడ, "ఓ, నువ్వు ఇక్కడ పనిచేసేదానివేనా? ముందు మా వైపు తుడువు" అంది. మర్యాద మధ్య స్టేషనులోనే దిగిపోయింది.

అద్దాలక్క చెయ్యి అలవాటుకొద్దీ గుడ్డ అందుకుంది.

"లేచావంటే ఈ జన్మలో నీ గుమ్మం తొక్కను," అంది వదిన.

"ఇవాళ నేను సెలవు సార్."

"సెలవైతే? చేతులు ఇంట్లో పెట్టొచ్చావా? రేపు పనిలోకి రావాలని లేదా?"

"రేపు ఆరింటికల్లా వస్తాను. ఇవాళ టికెట్టుంది. చూస్తారా?"

టికెట్టూ గుడ్డా కలిపి చాచింది. ఆయన టికెట్టు చూడలేదు. కెమెరా ఆయన మళ్లీ అరిచేసరికి గుడ్డ మాత్రం లాక్కున్నాడు.

పన్నెండేళ్లుగా అద్దాలు శుభ్రంగా ఉన్నాయని సంతకం పెట్టిన చెయ్యి అది. అద్దం మీద "హా" అని ఊదాడు, గుండ్రంగా రుద్దాడు. ఆవిరి పోయి తెల్లటి సున్నంలాంటి పూత మిగిలింది. దానిమీద ఫ్లాస్కులో టీ ఒలికించి మళ్లీ రుద్దాడు. "పైన, పైన!" "అటు కాదయ్యా, ఇటు!" అని అరవైమందీ మేస్త్రీలైపోయారు. ఆయన బూట్లు విప్పి, సామాన్ల అరను పట్టుకుని, సీటు చేతిమీద ఒంటికాలిపై నిలబడ్డాడు. సాక్సుకు బొటనవేలి దగ్గర చిల్లు.

వదిన రుమాలుతో తమ అద్దం మీద అరచేతంత జాగా తుడిచింది. అందులో శిఖరం తళుక్కుమంది.

"అదుగోనే! తెల్లగా, ఎంతుందో! చూడు!"

అద్దాలక్క తల తిప్పలేదు. మలుపు తిరిగింది, శిఖరం వెనకబడిపోయింది.

"అయ్యో పిచ్చిమొహమా, దీనికోసమేగా వచ్చింది!"

"దిగేటప్పుడు మళ్లీ వస్తుందిలే వదినా," అంది అద్దాలక్క సీటుకు చేరగిలబడి, కాళ్లు చాపుకుంటూ. "కాస్త పక్కకి జరుగు, నాకు అడ్డొస్తున్నావు. సార్‌కింకా కుడివైపంతా మిగిలే ఉంది."