నాలుగో గడిలో టిక్ పెట్టని మనుషులు

అమెరికా రాజధానికి దగ్గర్లో ఉన్న ఆష్‌బర్న్ వెళ్లాలంటే డల్లెస్ ఎయిర్‌పోర్ట్‌లో దిగితే చాలు, అక్కణ్నించి కారులో పావుగంట. 2013 డిసెంబర్‌లో నేను అక్కడికి వెళ్లింది మాత్రం పోట్లాడడానికి.

డిజిటల్ నైపుణ్యాల మీద యూరప్ పరిశోధకులు వాడే ప్రశ్నాపత్రాన్ని మిషిగన్‌లో మా ప్రొఫెసర్ తెప్పించారు. ఇక్కడి వలస కుటుంబాలతో పోల్చి చూడాలని ఆయన ఆలోచన. తెలుగులోకి మార్చింది నేను. ఆ జవాబులను బట్టే ఆష్‌బర్న్‌లో ఒక కమ్యూనిటీ సెంటర్ వాళ్లు ఉచిత క్లౌడ్ కోర్సుకి మనుషులను ఎంచారు. హైదరాబాద్‌లో తొమ్మిదేళ్లు బ్యాంకు డేటాబేస్‌లు నడిపిన సరోజిని గారిని మౌస్ పట్టుకోవడం నేర్పే క్లాసులో వేశారు. భర్త వీసా మీద వచ్చారు కాబట్టి ఆవిడకి ఉద్యోగం చేసే వీల్లేదు. ఎప్పటికైనా పర్మిట్ వస్తే మళ్లీ పనిలో చేరడానికి ఆ క్లౌడ్ కోర్సే ఆధారం. ఇబ్బంది పెడుతున్నందుకు సారీ అంటూ, ఫారం మీదున్న నా అడ్రస్‌కి ఆవిడ పంపిన ఎంపిక లిస్టు చూసి నాకు ఒళ్లు మండింది.

ఉదయం ఆరింటికి మా ఊరు నోవైలో బయల్దేరి మంచులో డ్రైవ్ చేసుకుంటూ డెట్రాయిట్ ఎయిర్‌పోర్ట్ చేరాను. ఎనిమిదిన్నరకి ఫ్లైట్. డబ్బాలో తెచ్చుకున్న పులిహోర తింటూ ఫారాలు ముందేసుకున్నాను. పక్క సీటు పెద్దాయనది కరీంనగర్. ఇరవై ఏళ్లుగా కార్ల బ్రేకులకి సాఫ్ట్‌వేర్ రాస్తున్నారట. సరదాకి ఆయనకీ ఒక ఫారం ఇచ్చాను. రాదు, కొద్దిగా వచ్చు, బాగా వచ్చు, నిష్ణాతులం అని నాలుగు గడులు. ఆయన రెండోదాంట్లో టిక్ పెట్టారు. ఎందుకని అడిగాను.

“మనకు మనమే నిష్ణాతులమని రాసుకుంటే మంచిగుండదు గదమ్మా.”

మూలంలో ఉన్నది మామూలు మాట. దానికి అవధానులకిచ్చే బిరుదులాంటి మాట తగిలించింది నేనే. ఏ తెలుగు మనిషి ఆ గడి జోలికి వెళ్తాడు? అది పక్కనుంటే మూడోదీ గొప్పలు పోయినట్టే ఉంటుంది.

డల్లెస్‌కి సరోజిని గారే కారు తెచ్చారు. తనదీ రెండో గడేనన్నారు. వాళ్లింట్లో భోజనం చేసి సెంటర్‌లో ఒంటిగంట మీటింగ్‌కి వెళ్లాం. లోపలికి రమ్మంటే మొహమాటపడి ఆవిడ కారులోనే ఉండిపోయారు.

తప్పులో సగం నాదని ఒప్పుకున్నాను. ఆవిడకి కంప్యూటర్ ఇచ్చి పని చేయించి చూడమన్నాను. మనుషులు తమ గురించి చెప్పుకునేది వేరు, చేసి చూపించేది వేరు అని యూరప్‌లో ఈ పరిశోధన చేసేవాళ్లే మొత్తుకుంటున్నారన్నాను. సెంటర్ డైరెక్టర్ నవ్వుతూ విన్నాడు. ఆవిడ చేత్తో ఆవిడ రాసినదాన్ని మేమెలా కాదంటాం అన్నాడు. అరగంట వాదించాక, సాయంత్రం చెప్తానని కాఫీ ఇచ్చి పంపాడు. ఆ మర్యాదకి నాకు ఇంకా కోపమొచ్చింది.

ఆరున్నర ఫ్లైట్‌కి గేటు దగ్గర కూర్చుని ఉండగా అతని మెయిల్ వచ్చింది. కోర్సులో సీట్లు నిండిపోయాయట. అయితే ఆవిడకి ఇంత పని వచ్చంటున్నారు కదా, మౌస్ క్లాసుకి ఆవిడే జీతం లేకుండా పాఠాలు చెప్తారా అని అడిగాడు. నేర్చుకోవడానికి పనికిరాని మనిషి వెట్టిచాకిరీకి మాత్రం పనికొచ్చింది.

సరోజిని గారికి ఫోన్ చేసి చదివి వినిపించాను. ‘ఏదోలెండి, చెప్తాను’ అంటారని నా భయం.

“ఆ క్లాస్ నేను చెప్పనండి. అసలు ఆ క్లౌడ్ కోర్సు చెప్పే మనిషికన్నా నాకే బాగా వచ్చు. మెయిల్ ఫార్వర్డ్ చెయ్యండి, నేనే రాస్తా.”

ఫార్వర్డ్ చేసి లైన్లో నిలబడ్డాను. సీటు సంగతి తేలలేదు, నా కోపమూ చల్లారలేదు. డెట్రాయిట్‌లో దిగేసరికి ఆవిడ జవాబు కాపీ నాకూ ఒకటి వచ్చింది. తొమ్మిదేళ్ల పని వరసగా రాశారు, సీటు కావాలన్నారు. అందులో ఎక్కడా ఒక్క ‘సారీ’ లేదు.