మా ఆడబిడ్డ విప్పిన ల్యాప్‌టాప్

ఆ గుమ్మం కాడనే నిలబడకండ్రి, లోపలికొచ్చి ఈ చాప మీద నా పక్కకు కూసోండ్రి. చాయ్ పొయ్యి మీదున్నది. అది మరిగేలోపు చెప్పేంత చిన్న ముచ్చటే, గని ఎన్నేండ్లైనా నా మనసుల చల్లారలేదు.

అప్పుడు మేం మధురానగర్‌ల రెండు గదుల ఇంట్ల ఉండేటోళ్లం. మా ఆయనకు ఆటో, నాకు కుట్టుమిషన్. మాతోని మా అత్త, పెండ్లి కాని మా ఆడబిడ్డ. ఆ పిల్ల డిగ్రీ చదివి అమీర్‌పేటల చీరల కొట్టుల కౌంటర్ కాడ నిలబడి, విప్పిన చీరలు మడతలు మలిచి పెట్టేది. కొట్టు ముందటి నుంచి రోజూ గుంపులు గుంపులు పిల్లలు బ్యాగులేసుకోని కంప్యూటర్ కోర్సులకు పోతుంటే చూసి చూసి, ఒకనాడు అన్నం తినుకుంట అన్నది, "నేను సుత నేర్చుకుంట అన్నా" అని. కొట్టు సేటు మంచోడు. దసరా గిరాకీ దాక నీ జాగ ఎవ్వరికియ్య, నౌకరి దొరికితే సంతోషం, లేకుంటే వచ్చెయ్యమన్నడు.

యూసుఫ్‌గూడల గది ఖాళీ చేసి పోయే పిలగాడొకడు అమ్ముతుంటే మా ఆయన పాత ల్యాప్‌టాప్ తెచ్చిండు. మా అత్త దాన్ని దేవుని అర మీద పెట్టింది. మా ఇంట్ల అంతకంటె భద్రమైన జాగ లేదు మరి. శుక్రవారం శుక్రవారం సాంబ్రాణి పొగ దేవునికీ పట్టేది, దానికీ పట్టేది.

కోర్సు అయిపోవచ్చేసరికి పంజాగుట్టల ఒక ఆఫీసోళ్లు పిల్లను రమ్మన్నరు. నువ్వు చేసిన ప్రాజెక్టు నీ ల్యాప్‌టాప్ మీదనే నడిపి చూపియ్యి, నచ్చితే తీసుకుంటం అన్నరంట. నచ్చితే ఆఫీసు, లేకుంటే మళ్ల చీరల కొట్టు. గంతే.

సరిగ్గ అప్పుడే అది సతాయించుడు మొదలుపెట్టింది. జరసేపు నడిచేది, పెనం లెక్క కాలేది, టక్కున ఆగిపోయేది. కోర్సుల దోస్తులు వైరస్ అన్నరు. అంతా తుడిచి మళ్ల ఎక్కించినా అదే తీరు. మా ఆయన బ్యాటరీ పోయిందన్నడు, ఆటోకు ఏమైనా గట్లనే అంటడు. పిల్ల మాత్రం ఎవ్వరి మాట వినక తానే కనిపెట్టుకుంట కూసున్నది. బొంత మీద పెడితే తొందరగ ఆగుతుంది, స్టీలు పళ్లెం బోర్లేసి దాని మీద పెడితే జర ఎక్కువసేపు నడుస్తుంది. నా మిషన్ కాడికొచ్చి ఒక దారప్పోగు అడిగింది. దాన్ని ల్యాప్‌టాప్ పక్కనున్న సందుల కాడ పట్టుకున్నది. పోగు కదల్లె.

"చూసినవా వదినా, లోపట ఫ్యాన్ తిరిగే సప్పుడైతే ఉన్నది. గాలి బయటికి వస్తలేదు. ఎక్కడో దారి మూసుకున్నది."

స్క్రూలు విప్పనీకి నా మిషన్ పేచ్‌కస్ పెద్దగైంది. చిన్నది కొనుక్కొచ్చి, కింది పేచులన్నీ విప్పి, ఏది ఎక్కడిదో మరువకుండ నా గుండీల డబ్బా మూతల వరుసగ పెట్టుకున్నది. లోపట చూద్దుము గద, ఫ్యాన్ ముందటి సన్నటి రాగి రేకుల మధ్యన మురికి దూది లెక్క గడ్డ కట్టింది. వేలికి జిగటగ అంటింది, ముక్కు కాడ పెట్టుకుంటె సాంబ్రాణి వాసన. బ్రష్షుతోని అంతా తీసింది. ప్రాసెసర్ మీద వేడి గుంజనీకి పెట్టే పాత పేస్టు ఎండి రాలిపోతుంటే తుడిచేసి కొత్తది పెట్టింది. "బియ్యపుగింజంత చాలు వదినా, ఎక్కువైతే మంచిది కాదు" అని నాకు చూపిచ్చింది సుత. బిగిచ్చినంక ఆ రోజంతా నడిపినా ఆగలె. చెయ్యి పెడితే గోరువెచ్చగ, అంతే. ఆ పూట పిల్ల మొకం చూడాల్సింది మీరు.

ఒక్కటే తప్పైంది. ఖుషీల తల్లితోని అన్నది, "పొగ దీనికి పడదమ్మా, ఇగ దేవుని అర మీద వద్దు" అని. మా అత్త మనసు నొచ్చింది. దేవుని పొగ పడని వస్తువు ఇంట్లెందుకే అని, రెండు పూటలు పిల్లతోని మాట్లాడలె.

పంజాగుట్టకు పోయే పొద్దున, అన్ని పేచులు గట్టిగున్నయా అని చూసుకుందామని ల్యాప్‌టాప్‌ను, ఫ్యాన్ కిందున్న గాలి సందులు పైకొచ్చేటట్టు బోర్లేసి పెట్టుకున్నది పిల్ల. మా అత్త తానం చేసి, పసుపు కలిపిన అక్షింతలు పళ్లెంల పట్టుకొచ్చింది. బిడ్డ వంగి కాళ్లు మొక్కింది. అత్త బిడ్డ నెత్తి మీద ఏసింది. మా ఇంట్ల ఆయుధ పూజ నాడు మిషన్ మీద, ఆటో మీద, రోలు మీద సుత ఏస్తరు, అది మా పద్ధతి. గట్లనే ఇంకో గుప్పెడు తీసి ల్యాప్‌టాప్ మీద ఏసింది. పిల్ల చెయ్యి అడ్డం పెట్టబోయి ఆగింది, నేను చూసిన. పొగ కాడ ఒకసారి తల్లిని నొప్పిచ్చింది గద. ల్యాప్‌టాప్‌ను దులిపి, బ్యాగుల పెట్టుకోని, వాళ్లన్న ఆటో ఎక్కి పోయింది.

ఆఫీసుల సగం చూపిచ్చినంక ఆగిపోయిందంట. ఫ్యాన్ ఒకసారి టక టక కొట్టుకోని సప్పుడు బంద్ చేసిందంట. వాళ్లు మర్యాదగనే, ఫోన్ చేస్తమన్నరంట.

ఇంట్ల మాత్రం మర్యాద లేకపాయె. "నడిచేదాన్ని ఎవరు విప్పుమన్నరే నిన్ను?" అన్నడు మా ఆయన. ఆడపిల్ల చేతుల పేచ్‌కస్ ఏందని నేనప్పుడే అనుకున్న, అన్నది మా అత్త.

తెల్లారి కిటికీ కాడి ఎలుతుర్ల పిల్ల మళ్ల విప్పింది. నేను పక్కనే కాజాలు కుడుతున్న. ఫ్యాన్ రెక్క సందుల పచ్చటి అక్షింత గింజ, సగం ఇరిగి ఇరుక్కోని ఉన్నది. అరచేతుల పెట్టుకోని దాన్ని చూసింది, నన్ను చూసింది.

వంటింట్ల నుంచి మా అత్త అడిగింది, "ఏం దొరికిందే?"

పిల్ల పిడికిలి మూసింది. "ఏం లేదమ్మా. నేనే ఒక పేచు సరిగ్గ బిగియ్యలె."

నా దిక్కు తిరిగి మెల్లగ, "చెప్పకు వదినా" అన్నది.

గింజ తీస్తే ఫ్యాన్ గిర్రున తిరిగింది. పంజాగుట్ట నుంచి మాత్రం ఫోన్ రాలె. పిల్లే చేసి అడిగితే వేరేటోళ్లను తీసుకున్నమన్నరు. దసరా గిరాకీకి మళ్ల చీరలు మలవనీకి పోయింది. ల్యాప్‌టాప్‌ను వాళ్లన్న ఎవరికో ఇచ్చేసిండు. ఆనాటి సంది పిల్ల ఏ వస్తువునూ విప్పలె. మిక్సీ ఆగినా, రేడియో గురగురమన్నా వాళ్లన్న నవ్వుకుంట, "నువ్వు ముట్టకు తల్లీ" అనేటోడు. అందరితోని కలిసి అదీ నవ్వేది. దారప్పోగు పట్టుకోని రోగం కనిపెట్టిన చేతులు గవి. నాకు నవ్వు వచ్చేది కాదు.

మా అత్త పోయినంక, ఆడబిడ్డ ఇంటికి పోయినప్పుడు అడిగిన. గా రోజే చెప్తే అయిపోయేది గద, ఇన్నేండ్లు మాటలు పడకపోతుంటివి అని.

చీర మలుచుకుంటనే అన్నది, "చెప్తే మా అమ్మ ఇగ ఎవ్వరి నెత్తినా అక్షింతలెయ్యకపోతుండె వదినా."

నిజమే కావచ్చు. నాకైతే, మా అత్త ఓర్చుకునేదనే అనిపిస్తది. ఏడ్చేది, కొడుకును నోరు ముయ్యమనేది, మళ్ల విప్పుపో బిడ్డా అని తన చేత్తోనే పేచ్‌కస్ అందిచ్చేది. గని అడగనీకి ఇప్పుడు ఆమె లేదాయె.

చాయ్ మరిగింది, తాగి పోండ్రి. మీ ఇల్లు చల్లగుండ. మీ బిడ్డల నెత్తిన పెద్దల అక్షింతలు పడాలె, పడ్డ ప్రతి గింజా కలిసి రావాలె.